దేశ సంకేత డొమైన్ పేర్లు: ఎవరికి అర్హత, ఎలా నమోదు

పరిచయం

ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే ఒక మహిళ ఉన్నారనుకుందాం. రాజమహేంద్రవరం, హైదరాబాదుల నుంచే కాక అమెరికా నుంచి కూడా ఆమెకు ఆర్డర్లు వస్తున్నాయి. కంప్యూటర్ పని తెలిసిన ఒక కుర్రవాడు కొంత సొమ్ము తీసుకుని ఆమె కొట్టు పేరుతో వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాడు. అట్టపెట్టెల మీద, చేతిసంచుల మీద ఆ చిరునామా అచ్చు వేయించారు. మూడేళ్లకు కుర్రవాడికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. నాలుగో ఏట ఒకరోజు ఆ చిరునామా తెరిస్తే అందులో మరెవరిదో ప్రకటన కనిపించింది. విచారిస్తే తేలినదేమిటంటే, ఆ పేరు మొదటి నుంచీ కుర్రవాడి పేరునే నమోదై ఉంది. గడువు తీరినా అతడు కట్టలేదు, ఇంకెవరో తీసుకున్నారు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే అయినా ఇందులోని ప్రశ్నలు ఊహించినవి కావు. ఇంటర్నెట్‌లో ఒక పేరును ఎవరు ఇస్తారు? ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు? ఒకరి పేరును మరొకరు పట్టుకుంటే ఎక్కడ మొరపెట్టుకోవాలి? ఈ పాఠంలో వీటిని దేశ సంకేత డొమైన్ల విషయంలో, ముఖ్యంగా మన '.ఇన్', '.భారత్'ల విషయంలో పరిశీలిద్దాం. చిరునామాలను ఉచ్చారణ ప్రకారం తెలుగు అక్షరాల్లో రాశాం. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలని గుర్తుంచుకోండి. తెలుగు లిపిలోనే ఉండే చిరునామాల సంగతి చివరి భాగంలో వస్తుంది.

ముందుగా ఒక మాట. 'డొమైన్ కొన్నాం' అని వాడుకలో అంటాం. గోదావరి జిల్లాల వారికి దీన్ని వివరించడం తేలిక: అది కొనుగోలు కాదు, కౌలు. గడువు ఉంటుంది, ఏటా కట్టుబడి ఉంటుంది, షరతులు ఉంటాయి. షరతు తప్పినా గడువు దాటినా చేను చేజారుతుంది. ఎంత బాగా సాగుచేశావన్నది అప్పుడు లెక్కకు రాదు; రికార్డులో ఎవరి పేరుందన్నదే చూస్తారు.

రెండు అక్షరాలు ఎక్కడివి?

వెబ్ చిరునామాలో చిట్టచివరి చుక్క తరువాత వచ్చే భాగాన్ని అగ్రస్థాయి డొమైన్ అంటారు. '.కామ్', '.ఆర్గ్' వంటివి ఏ దేశానికీ ప్రత్యేకం కావు. '.ఇన్', '.యూఎస్', '.జేపీ' వంటివి దేశ సంకేత డొమైన్లు. చివర రెండే ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే అది ఏదో ఒక దేశానికో, భూభాగానికో, ఐరోపా సమాఖ్య వంటి కూటమికో కేటాయించినదని చెప్పవచ్చు.

ఈ రెండేసి అక్షరాలను ఇంటర్నెట్ నిర్మాతలు తమంతట తాము కల్పించలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దేశాలకు సంకేతాలు ఇస్తూ తయారుచేసిన ఐఎస్ఓ 3166 అనే జాబితా ఉంది. 1980లలో పేర్ల కేటాయింపు చూసిన జాన్ పోస్టెల్ ఆ జాబితానే ఆధారంగా తీసుకున్నారు. 1994లో ఆయన రాసిన నియమపత్రంలో దీనికి కారణం కూడా చెప్పారు: ఏది దేశం, ఏది కాదు అని తేల్చే పని తమది కాదన్నారు. ఆ తగాదా తమ నెత్తిన పడకుండా చేసిన ఈ ఏర్పాటు ఎంతో తెలివైనదని నా అభిప్రాయం. అయినా మినహాయింపులు లేకపోలేదు. ఆ జాబితాలో బ్రిటన్ సంకేతం 'జీబీ'. వాడుకలో ఉన్న డొమైన్ '.యూకే'. సోవియట్ యూనియన్ 1991లో అంతరించింది, '.ఎస్‌యూ' మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. యుగోస్లావియా డొమైన్ '.వైయూ' 2010లో మూతపడింది.

భారతదేశానికి '.ఇన్' 1989లో దక్కింది. మొదట్లో దీని నమోదు పనిని ముంబయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ చూసేది. తరువాత లాభాపేక్ష లేని సంస్థగా 2003లో ఏర్పడిన నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా చేతికి వచ్చింది. దీన్ని క్లుప్తంగా 'నిక్సీ' అంటారు.

ఒక దేశ డొమైన్‌లో ఎవరు నమోదు కావచ్చన్నది ఆ దేశమే తేల్చుకుంటుంది. అందుచేత నియమాలు అన్నిచోట్లా ఒకలా ఉండవు.

నివాసం అడిగే దేశాలు, అడగని దేశాలు

మన ప్రాంతం నుంచి చదువులకు, ఉద్యోగాలకు వెళ్లే పిల్లల దృష్టితో చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. కెనడాలో చదువుకునే ఒక విద్యార్థి తన పేరుతో '.సీఏ' డొమైన్ కావాలనుకుంటే కుదరదు. అక్కడి నియమం ప్రకారం వ్యక్తులైతే కెనడా పౌరులో శాశ్వత నివాసులో కావాలి. విద్యార్థి అనుమతిపత్రం చాలదు. అక్కడ స్థాపించిన కంపెనీకీ, అక్కడ ట్రేడ్‌మార్కు నమోదు చేసుకున్నవారికీ వేరే దారులున్నాయి. అమెరికా నియమం కాస్త వెసులుబాటుగా ఉంటుంది. '.యూఎస్' కావాలంటే ఆ దేశంతో సంబంధం చూపాలి; పౌరసత్వం, శాశ్వత నివాసంతోపాటు, ప్రధాన నివాసం అక్కడే ఉన్నా అర్హత వస్తుంది. ఆస్ట్రేలియా '.ఏయూ'కు కూడా ఆ దేశంలో ఉనికి ఉన్నట్లు చూపాలి.

అర్హత నమోదు రోజున ఉంటే సరిపోతుందా, ఆ తరువాత కూడా ఉండాలా? దీనికి జవాబు బ్రిటన్ వారికి 2021లో గట్టిగానే తెలిసింది. '.ఈయూ' డొమైన్ ఐరోపా సమాఖ్య పౌరులకు, అక్కడి నివాసులకు, సంస్థలకు పరిమితం. బ్రిటన్ సమాఖ్య నుంచి బయటికి రావడంతో బ్రిటన్‌లో ఉన్న సంస్థలు, సమాఖ్య పౌరసత్వం లేని వ్యక్తులు అర్హత కోల్పోయారు. 2021 జనవరి 1న దాదాపు 80 వేల పేర్లు పనిచేయడం ఆగిపోయాయి. ఆ పేర్లతో ఏళ్ల తరబడి వ్యాపారం చేసినవారున్నారు, సక్రమంగా రుసుము కట్టినవారున్నారు. అదేమీ అక్కరకు రాలేదు. కౌలు పోలికను ఇక్కడ మరోసారి గుర్తుచేసుకోండి.

దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినవి చిన్న ద్వీపాలు. పసిఫిక్ మహాసముద్రంలోని తువాలుకు జాబితా వల్ల '.టీవీ' అనే అక్షరాలు దక్కాయి. కరీబియన్ సముద్రంలోని అంగ్విల్లాకు '.ఏఐ' దక్కింది. నివాసం, పౌరసత్వం ఏమీ అడగకుండా ప్రపంచమంతటికీ ఇస్తూ అవి ఆదాయం సంపాదిస్తున్నాయి. కృత్రిమ మేధ కంపెనీలు ఎగబడటంతో 2023లో అంగ్విల్లా ప్రభుత్వ ఆదాయంలో సుమారు అయిదో వంతు ఈ పేర్ల నుంచే వచ్చింది. దేశ సంకేతం చూసి ఆ సంస్థ ఆ దేశానిదే అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి మనం ఈ రెండింటిలో ఏ వైపు?

తెరిచిన వీధి తలుపు, తాళం వేసిన గదులు

2004 వరకు '.ఇన్' నియమాలు చాలా బిగువుగా ఉండేవి. '.కో.ఇన్' కంపెనీలకు, '.నెట్.ఇన్' ఇంటర్నెట్ సేవాసంస్థలకు, '.ఆర్గ్.ఇన్' లాభాపేక్ష లేని సంస్థలకు, '.ఫర్మ్.ఇన్' దుకాణాలు, భాగస్వామ్య సంస్థలకు, '.ఇండ్.ఇన్' వ్యక్తులకు అని విభజించారు. చూడటానికి చక్కటి ఏర్పాటే. ఫలితం మాత్రం నిరాశాజనకం: 1992 నుంచి 2004 వరకు నమోదైన పేర్లు సుమారు 7 వేలు. మన కంపెనీలే '.కామ్' వైపు వెళ్లిపోయాయి.

2005లో విధానం మారింది. నేరుగా '.ఇన్' కింద ఎవరైనా, ఏ దేశం వారైనా, ఎన్ని పేర్లయినా నమోదు చేసుకునే వీలు కల్పించారు. మొదట ట్రేడ్‌మార్కులున్నవారికి కొన్నాళ్లు ముందస్తు అవకాశం ఇచ్చి, తరువాత అందరికీ తెరిచారు. పైన చెప్పిన '.కో.ఇన్', '.ఆర్గ్.ఇన్' వంటి విభాగాలకూ తలుపులు తీశారు. 2011 నాటికి పేర్లు 10 లక్షలు దాటాయి. కడియం నర్సరీ రైతు, నరసాపురం లేసు అల్లే సంఘం, తాపేశ్వరం కాజా కొట్టు యజమాని ఎవరి సిఫారసూ లేకుండా పేరు తీసుకోగలుగుతున్నారంటే ఆ మార్పు వల్లనే. అయితే దానికి మనం ఇచ్చుకున్న మూల్యం కూడా ఉంది. చివర '.ఇన్' ఉన్నంత మాత్రాన ఆ సంస్థ భారతీయమని గాని, నమ్మదగినదని గాని అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. '.ఆర్గ్.ఇన్' ఉంటే ధర్మసంస్థ అనుకోవడం పాతకాలపు మాట.

కాని ఈ ఇంట్లో కొన్ని గదులకు తాళం ఇప్పటికీ ఉంది. ఈ పాఠంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదే.

మొదటిది '.గవ్.ఇన్'. ఇది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ దీన్ని ఇస్తుంది. శాఖాధిపతి స్థాయి నుంచి అధికారిక ఉత్తరం ఉంటేనే దరఖాస్తు కదులుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి 'ఏపీ.గవ్.ఇన్' ఉంది కనుక దాని కింద జిల్లాలకు, శాఖలకు పేర్లు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజన అయినప్పుడు ఈ సౌకర్యం ఉపయోగపడింది. తూర్పు గోదావరి చిరునామా రాజమహేంద్రవరం కేంద్రంగా మారిన చిన్న జిల్లాకు నిలిచింది. కాకినాడ, కోనసీమ, ఏలూరు పేర్లతో అదే వరసలో కొత్తవి వచ్చాయి. ఏ వ్యాపారి దగ్గరా పేరు కొనుక్కోవలసిన అవసరం పడలేదు, ఎవరూ ముందుగా కాజేసే వీలూ లేకపోయింది.

రెండవది విద్యారంగం. '.ఏసీ.ఇన్', '.ఈడీయూ.ఇన్', పరిశోధన సంస్థల కోసం '.రెస్.ఇన్' అనే మూడింటినీ ఎర్నెట్ ఇండియా అనే సంస్థ ఒక్కటే నమోదు చేస్తుంది. విద్యాసంస్థ గుర్తింపుకు, అనుబంధానికి సంబంధించిన కాగితాలు చూపాలి. రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ '.ఈడీయూ.ఇన్' కింద, హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం '.ఏసీ.ఇన్' కింద ఉన్నాయి. సైన్యానికి '.మిల్.ఇన్' ఉంది.

మూడవది కొత్తగా కట్టిన గది: '.బ్యాంక్.ఇన్'. బ్యాంకుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి ఖాతాలు దోచుకోవడం పెరిగిపోవడంతో, బ్యాంకులకే ప్రత్యేకమైన ఈ డొమైన్‌ను 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. నమోదు బాధ్యతను హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే అప్పగించింది. 1996లో రిజర్వు బ్యాంకే నెలకొల్పిన సాంకేతిక సంస్థ ఇది. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు తమ చిరునామాలను ఇందులోకి మార్చుకోవాలని గడువు పెట్టారు. స్టేట్ బ్యాంకు చిరునామా ఇప్పుడు 'ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్'. ఈ ఆదేశం పెద్ద బ్యాంకులకే కాదు. రాజమహేంద్రవరంలోని ఆర్యాపురం, జాంపేట బ్యాంకుల వంటి పట్టణ సహకార బ్యాంకులకు కూడా వర్తిస్తుంది. ఇరవయ్యేళ్ల కిందట తాళాలు తీసిన మనం ఇప్పుడు అవసరమైన చోట మళ్లీ వేసుకుంటున్నామన్నమాట.

చుక్కకూ అడ్డగీతకూ ఉన్న తేడా

చిరునామాను మనం ఎడమ నుంచి చదువుతాం. అర్హత తెలుసుకోవాలంటే మాత్రం కుడి నుంచి చదవాలి. మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగం తీసుకోండి. దాని చివర ఏముంది? '.ఇన్'. దానికి ముందు చుక్కతో వేరుపడిన మాట ఏది? 'గవ్', 'ఏసీ', 'ఈడీయూ', 'రెస్', 'మిల్', 'బ్యాంక్' వీటిలో ఒకటైతే తాళం ఉన్న గదిలో ఉన్నారు. వేరే మాట అయితే అది చాలావరకు అందరికీ తెరిచిన వీధి తలుపే.

మోసగాళ్లు ఆధారపడేది ఇక్కడే. 'ఏపీ.గవ్.ఇన్' అన్నది ప్రభుత్వానిది. 'ఏపీ-గవ్.ఇన్' అని చుక్క స్థానంలో అడ్డగీత పెడితే అది ఎవరైనా అడగదగ్గ మామూలు పేరు. అలాగే 'ఏపీ.గవ్.ఇన్' అనే ముక్క చిరునామాకు మొదట్లో కనిపించి, చివర మరేదో '.కామ్' ఉంటే అది ఆ '.కామ్' యజమానిదే అవుతుంది. ఫోనులో చిరునామా పట్టీ ఇరుకుగా ఉండటం వల్ల మొదటి ముక్క మాత్రమే కంటపడుతుంది. వేలితో జరిపి చివరిదాకా చూడటం అలవాటు చేసుకోండి.

తిరుమల దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లలో డబ్బు పోగొట్టుకున్న భక్తుల వార్తలు మీరు చదివే ఉంటారు. అలాంటి సైట్ల మీద తిరుమల తిరుపతి దేవస్థానం పోలీసులకు ఫిర్యాదులు కూడా చేసింది. 2024 జనవరిలో దేవస్థానం తన అధికారిక చిరునామాను మార్చుకుని 'టీటీదేవస్థానమ్స్.ఏపీ.గవ్.ఇన్'గా ప్రకటించింది. భక్తుడు గుర్తుపెట్టుకోవలసింది చివరి మూడు ముక్కలు. 'తిరుపతి', 'బాలాజీ', 'దర్శనం' అనే మాటలు చిరునామాలో ఎన్నిసార్లు ఉన్నా అవి ఏ అర్హతనూ చెప్పవు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తాళం ఉన్న గదిలో ఉండటం అంటే ఆ సంస్థ ఎవరో పరిశీలించారని మాత్రమే అర్థం. '.ఈడీయూ.ఇన్' ఉన్న కళాశాల అందించే దూరవిద్య కోర్సుకు గుర్తింపు ఉందో లేదో ఆ చిరునామా చెప్పదు. దానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం వారి దూరవిద్యా విభాగం ప్రచురించే జాబితా చూడాలి. అదేవిధంగా, అసలైన సంస్థలు కొన్ని పాత అలవాటుతో '.ఆర్గ్'లోనో '.కామ్'లోనో కొనసాగుతున్నాయి. వాటిని ఆ ఒక్క కారణంగా నకిలీలు అనకూడదు.

నమోదు: రికార్డులో ఎవరి పేరు?

నమోదు విధానంలో ముగ్గురు ఉంటారు. పేర్ల మొత్తం పుస్తకం నిర్వహించేది రిజిస్ట్రీ, '.ఇన్'కు అది నిక్సీ. ప్రజల నుంచి దరఖాస్తు, రుసుము తీసుకుని ఆ పుస్తకంలో ఎక్కించేది రిజిస్ట్రార్. పేరు తీసుకునేవారు నమోదుదారు. ప్రభుత్వ కార్యాలయానికీ మీసేవ కేంద్రానికీ ఉన్న సంబంధం వంటిదే రిజిస్ట్రీకీ రిజిస్ట్రార్‌కూ ఉన్నది. రిజిస్ట్రార్ నచ్చకపోతే పేరు పోగొట్టుకోకుండా మరో రిజిస్ట్రార్ దగ్గరికి మారవచ్చు. ఆ బదిలీకి ఒక రహస్య సంకేతం ఇస్తారు; అది అడిగి తీసుకోవడం నమోదుదారు హక్కు.

పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే వాడాలి. 63 మించకూడదు. అడ్డగీత మొదట్లో గాని చివర గాని రాకూడదు. మూడు, నాలుగు స్థానాల్లో రెండు అడ్డగీతలు వరసగా ఉండకూడదన్న వింత నియమం కూడా ఉంది. దాని కారణం తెలుగు లిపి దగ్గర తెలుస్తుంది. నమోదు ఒక సంవత్సరం నుంచి 10 సంవత్సరాల దాకా. ఒకే పేరు ఇద్దరు కోరితే ముందు వచ్చినవారికే.

నమోదుదారు తన అసలు పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు ఇవ్వాలి. '.కామ్'లో మాదిరిగా మరో కంపెనీ పేరు ముందుపెట్టి దాక్కోవడాన్ని '.ఇన్' నియమాలు ఒప్పుకోవు. గుర్తింపు కాగితాలు కూడా అడుగుతారు. తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే పేరు రద్దు కావచ్చు. 'హూఈజ్' అనే శోధనలో ఏ పేరు ఎప్పుడు నమోదైంది, గడువు ఎప్పుడు, ఏ రిజిస్ట్రార్ ద్వారా అన్న వివరాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. వ్యక్తిగత వివరాలు చాలావరకు మరుగుపరుస్తారు. ముప్పై ఏళ్ల సంస్థనని చెప్పుకునే వెబ్‌సైటు పేరు పోయిన నెలలో నమోదై ఉంటే, ఫీజు కట్టేముందు ఆలోచించవలసిందే.

పూతరేకుల వ్యాపారి విషయంలో జరిగిన లోపం ఇప్పుడు మీకే స్పష్టమై ఉంటుంది. రికార్డులో నమోదుదారుగా ఆమె పేరు, ఆమె ఈమెయిలు ఉండవలసింది. గడువు గుర్తుచేసే ఉత్తరాలన్నీ ఆ ఈమెయిలుకే వస్తాయి. వెబ్‌సైటు తయారుచేసిన వ్యక్తి పేరు సాంకేతిక సంప్రదింపులకు ఉంటే చాలు. సొమ్ము ఇచ్చిన రసీదు ఆమె దగ్గర ఉన్నా, రిజిస్ట్రీ దృష్టిలో హక్కుదారు రికార్డులో ఉన్న వ్యక్తే. గడువు తీరిన వెంటనే పేరు పూర్తిగా పోదు. కొన్నాళ్లు మామూలు రుసుముతో, ఆ తరువాత మరికొన్నాళ్లు హెచ్చు రుసుముతో తిరిగి నిలుపుకోవచ్చు. ఆ రెండూ దాటితే పేరు బజారున పడుతుంది. అలా పడే పేర్ల కోసం కాచుకుని ఉండే వ్యాపారమే ఒకటుంది.

తగాదా వస్తే

డొమైన్ పేర్ల కోసమే ప్రత్యేకించి చేసిన చట్టం మన దేశంలో లేదు. ఆ లోటును పూరించిన తీర్పుకు మన ప్రాంతంతో కొంత సంబంధం ఉంది. భీమవరం ప్రాంతానికి చెందిన బి. రామలింగరాజు 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ ఉండేది. సత్యం, ఇన్ఫోవే అనే మాటల నుంచి 'సిఫీ' అనే పేరు కల్పించుకుని 1999లో 'సిఫీనెట్' వంటి డొమైన్లు నమోదు చేసుకుంది. తరువాత సిఫీనెట్ సొల్యూషన్స్ అనే వేరే సంస్థ మధ్యలో మరో 'ఎఫ్' చేర్చి అదే ఉచ్చారణ గల పేర్లు తీసుకుంది. తమ అయిదుగురు స్థాపకుల పేర్లలోని తొలి అక్షరాలు కలిపితే ఆ మాట వచ్చిందని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం వైపు మొగ్గింది. కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును తోసిపుచ్చింది. 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా తీర్పు చెప్పింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా మాత్రమే కాదనీ, వ్యాపారానికి గుర్తింపు కూడా అనీ, కనుక ఒకరి సరుకును మరొకరిదిగా చలామణి చేయడాన్ని అడ్డుకునే ట్రేడ్‌మార్కు సూత్రం దీనికీ వర్తిస్తుందనీ పేర్కొంది. ఆ తగాదా '.కామ్', '.నెట్' పేర్ల మీద వచ్చినదే గాని సూత్రం అన్ని డొమైన్లకూ చెల్లుతుంది.

'.ఇన్' పేర్లకైతే కోర్టుకు వెళ్లకుండా 2005 నుంచి వేరే దారి ఉంది. నిక్సీకి ఫిర్యాదు చేస్తే మధ్యవర్తిని నియమిస్తారు. ఫిర్యాదుదారు మూడు విషయాలు చూపాలి: ఆ డొమైన్ తనకు హక్కున్న పేరుతో గాని మార్కుతో గాని తికమక కలిగించేంత పోలి ఉంది; నమోదుదారుకు ఆ పేరు మీద న్యాయమైన ఆసక్తి లేదు; దురుద్దేశంతో నమోదు చేశాడు లేదా వాడుతున్నాడు. మధ్యవర్తిత్వం మొదలైన 60 రోజుల్లో, తప్పనిసరైతే మరో 30 రోజుల్లో నిర్ణయం వెలువడాలి. పేరు రద్దు చేయడం, ఫిర్యాదుదారుకు బదిలీ చేయడం ఈ విధానంలో దొరికే ముఖ్య పరిహారాలు.

మరి 'పూతరేకులు' అనే పేరునే ఎవరైనా ముందుగా పట్టుకుంటే? ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ హక్కు తయారీదారుల సంఘం పేరున నమోదైంది. ఏ ఒక్క కొట్టుదీ కాదు. బయటి వ్యాపారి 'ఆత్రేయపురం పూతరేకులు' అనే డొమైన్ పెట్టి మరెక్కడో చేసిన సరుకు అమ్మితే సంఘం ఫిర్యాదు చేయడానికి గట్టి ఆధారం ఉంది. ఉత్త 'పూతరేకులు' మీద మాత్రం ఎవరికీ గుత్తహక్కు లేదు. అది తినుబండారం పేరు, జాతివాచకం. ముందు వచ్చినవారిదే. ఫిర్యాదు రుసుము, న్యాయవాది ఖర్చు చిన్న వ్యాపారికి భారం కనుక, ఇలాంటి పేర్లను సంఘాలు ముందే నమోదు చేసి పెట్టుకోవడం చౌక.

తెలుగు లిపిలో చిరునామా

అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని విధాల రాయవచ్చో ఒకసారి కాగితం మీద రాసి చూడండి. 'పూ'కు రెండు 'ఓ'లా, ఒక 'యూ'నా? 'త'కు 'టీ' ఒక్కటేనా, 'హెచ్' కూడా కావాలా? 2015లో రాజమండ్రి అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. ఆ పేరు ఇంగ్లీషు వర్ణక్రమం ఇప్పటికీ బోర్డుబోర్డుకూ మారుతుంది. ఒక వర్ణక్రమం తీసుకున్న వ్యాపారి మిగతావి పోటీదారుకు వదిలినట్లే. తెలుగులో రాస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

అందుకు మార్గం ఉంది. 2011లో భారతదేశానికి ఏడు భాషా లిపుల్లో దేశ డొమైన్లు లభించాయి. వాటిలో తెలుగు లిపిలోని '.భారత్' ఒకటి. దేవనాగరి '.భారత్' నమోదు 2014 ఆగస్టులో మొదలైంది. ఆ తరువాత ఇతర భాషలకు విస్తరించింది. దీన్ని నిర్వహించేదీ నిక్సీయే.

యంత్రాలకు లోపల తెలుగు తెలియదు. తెలుగు పేరును అవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెల గొలుసుగా మార్చుకుంటాయి. ఆ గొలుసు 'ఎక్స్', 'ఎన్' అనే రెండు అక్షరాలతో, వెంటనే రెండు అడ్డగీతలతో మొదలవుతుంది. మూడు, నాలుగు స్థానాల్లో అడ్డగీతలు మామూలు పేర్లకు నిషేధించినది ఇందుకే. 63 అక్షరాల పరిమితి కూడా ఈ గొలుసుకే వర్తిస్తుంది కాబట్టి తెలుగు పేరు అంతకంటే పొట్టిగా ఉండాలి.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు మరి రెండు ఉన్నాయి. సున్నకూ తెలుగు అంకె సున్నాకూ కంటికి తేడా దొరకదు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు అక్షరాలు. ఇంకా తీవ్రమైనది కన్నడ లిపితో పోలిక. 'అ', 'ర', 'ల' వంటి అక్షరాలు రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. తెలుగు పేరులాగే కనిపించే కన్నడ పేరు నమోదు చేసి మోసగించే ప్రమాదం ఉంది. అందుకే 2019లో అగ్రస్థాయి డొమైన్ల కోసం ఖరారైన తెలుగు లిపి నియమాల్లో ఇలాంటి అక్షరాలను ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలుగా గుర్తించారు. అంటే ఒక రూపం ఒకరికి ఇస్తే, దాన్ని పోలిన రెండో లిపి రూపాన్ని వేరొకరికి ఇవ్వరు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలని మనం గర్వంగా చెప్పుకునే విషయం ఇక్కడ కాపలా పెట్టవలసిన విషయమైంది.

ఇంత ఏర్పాటు ఉన్నా మన బజారులో '.భారత్' చిరునామాలు అరుదు. తెలుగు చిరునామాను సరిగా గుర్తించని దరఖాస్తు ఫారాలు, తెలుగు ఈమెయిలును తిరస్కరించే వెబ్‌సైట్లు ఇంకా ఉన్నాయి. ఫోనులో తెలుగు కొట్టడం రానివారూ తక్కువేమీ కాదు. కాబట్టి ప్రస్తుతానికి చిన్న వ్యాపారి ఇంగ్లీషు అక్షరాల '.ఇన్' పేరు ఒకటి, తెలుగు '.భారత్' పేరు ఒకటి తీసుకుని రెండింటినీ ఒకే వెబ్‌సైటుకు కలపడం ఆచరణకు వీలైన పద్ధతి. అట్టపెట్టె మీద రెండూ అచ్చు వేయించవచ్చు.

అభ్యాసం

మీ ఫోనులో గత నెలలో సొమ్ము చెల్లించిన మూడు వెబ్‌సైట్ల చిరునామాలను కుడి నుంచి ఎడమకు చదివి, వాటిలో ఏది తాళం ఉన్న విభాగంలో ఉందో రాయండి. మీ ఊరి సహకార సంఘమో, కొట్టో, గ్రంథాలయమో వాడుతున్న ఒక డొమైన్ గడువు ఎప్పుడు తీరుతుందో హూఈజ్ శోధనలో చూసి, ఆ పేరు ఎవరి పేరున నమోదైందో అక్కడివారిని అడిగి తెలుసుకోండి.